ఏ పత్తి మేలు: పొలంలోనే తేల్చే పద్ధతి

పత్తి రకాల పరీక్షలో కాటాకు ఎక్కేది పత్తే అయినా, అన్నిటికన్నా ముందు లెక్కకు రావలసింది నేల. ఒకే ప్యాకెట్ విత్తనం చేనంతా వేసి, ఆ చేనును ఇరవై సమాన మడులుగా విడదీసి, దేని పత్తి దానికి విడిగా తీయించి తూచితే ఇరవై తూకాలూ ఒకేలా రావు. ఒక మడిలో పాత పెంటకుప్ప సారం ఇంకా మిగిలి ఉంటుంది. ఒకదానిలో సున్నపు గులకలు పైకి తేలి ఉంటాయి. పల్లపు మడిలో ఆగస్టు వానకు నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడదు. రకం ఒకటే, దిగుబడులు మాత్రం ఇరవై. అలాంటి చేలో సగం ఒక రకం, సగం మరో రకం వేసి, ఎక్కువ కాసిన సగాన్ని చూపి ఇదే మేలని తేల్చడం పరీక్ష అనిపించుకోదు. నేలవల్ల వచ్చే ఈ హెచ్చుతగ్గులు ఎంతో ముందు కొలిచి, వాటిని దాటి నిలిచిన తేడాను మాత్రమే రకానికి జమకట్టడం పరీక్ష.

ఈ ఆలోచనకు పద్ధతి కుదిర్చినవాడు రొనాల్డ్ ఫిషర్. 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరి, ఏళ్ల తరబడి పోగుపడిన పంట లెక్కలను చూస్తూ ఆయన కుదిర్చిన సూత్రాలు మూడు. ప్రతి రకాన్నీ ఒకటికి నాలుగు చోట్ల వేయాలి. ఏ మడిలో ఏ రకం పడాలో చీటీలు తీసి నిర్ణయించాలి. చేనును ఒకే తీరు నేల ఉన్న పట్టీలుగా విడదీసి, ప్రతి పట్టీలోనూ అన్ని రకాలకూ చోటివ్వాలి. నంద్యాల, గుంటూరు లాం, వరంగల్, ఆదిలాబాద్ పరిశోధన స్థానాల పత్తి మడుల్లో నేటికీ నడుస్తున్నది ఈ పద్ధతే. దీనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. టేపు, తాడు, కర్రలు, సరైన కాటా, ఒక నోటుపుస్తకం ఉంటే రైతు ఉత్పత్తిదారుల సంఘమైనా, వ్యవసాయ డిప్లొమా విద్యార్థుల బృందమైనా దీన్ని చేయగలదు.

చేయవలసిన అవసరమూ ఉంది. 1970లో గుజరాత్‌లోని సూరత్ కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4 ప్రపంచంలోనే సాగుకు వచ్చిన తొలి పత్తి హైబ్రిడ్. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక విత్తన దుకాణాల్లో పేర్లు వందలకు పెరిగాయి. జూన్ తొలకరికి ముందు రైతు చేతిలో ఉండే ఆధారాలు మూడే: ప్యాకెట్ మీది బొమ్మ, దుకాణదారు మాట, నిరుడు పక్క చేలో చూసిన కాపు. మూడింటిలో పక్క చేను కాపే నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ ఆ చేనులో పది రోజులు ముందు విత్తి ఉండవచ్చు, ఒక తడి ఎక్కువ అంది ఉండవచ్చు, మూడేళ్లుగా పశువుల ఎరువు పడి ఉండవచ్చు. అవన్నీ కలిసి కాసిన కాపులో రకం వాటా ఎంతో చేను గట్టున నిలబడి చెప్పడం ఎవరివల్లా కాదు.

దేశస్థాయిలో ఈ పరీక్షలు 1967లో మొదలైన అఖిల భారత సమన్వయ పత్తి పరిశోధన పథకం కింద జరుగుతాయి. దాని కేంద్రం కోయంబత్తూరు. దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విడదీసి, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడులను దక్షిణ మండలంలో చేర్చారు. ఒక మండలంలో నెగ్గిన రకం మరో మండలంలో నెగ్గాలని లేదు. అసలు ఒకే జిల్లాలోనే నల్లరేగడిలో నెగ్గింది ఎర్ర చెలకలో చతికిలబడుతుంది. అందుకే పరిశోధన స్థానాల్లో గట్టెక్కిన రకాలను చిరుసంచుల రూపంలో రైతుల పొలాల్లో మళ్లీ పరీక్షిస్తారు. ఈ అధ్యాయంలో చెప్పేది ఆ ఆఖరి మెట్టు గురించి, రైతు చేలో జరిగే పరీక్ష గురించి. ఒక్క షరతు మాత్రం మొదటే పాటించాలి: సాగుకు అనుమతి ఉన్న విత్తనాన్నే పరీక్షకు తీసుకోవాలి. కలుపు మందును తట్టుకుంటుందని చాటుగా అమ్మే అనుమతిలేని విత్తనాన్ని ప్రయోగం పేరుతో వేసినా అది చట్టవిరుద్ధమే.

చేను, పోలిక రకం, మడులు

చేను ఎంపికలో సారం కన్నా సమానత్వం ముఖ్యం. ఊళ్లోకెల్లా మంచి చేను అక్కర్లేదు, ఊళ్లో ఎక్కువమంది సాగుచేసే నేలలాంటిది కావాలి. చెట్టు నీడ పడే వైపు, గట్టు పక్క, పాత కళ్లం చోటు, పశువులను కట్టిన చోటు, బోరు కాలువ వారగా ఉన్న నేల వదిలేయాలి. కిందటి రెండేళ్లలో చేనులో ఏ పంట ఏ భాగంలో ఉందో యజమానిని అడగాలి. సగంలో కంది, సగంలో మొక్కజొన్న వేసిన చేను ఆ ఏడు పరీక్షకు పనికిరాదు. కంది వేసిన వైపు పత్తి ఏపుగా వస్తుంది, ఆ ఏపు రకానిదని పొరబడతారు.

పరీక్షకు ఎన్ని రకాలు తీసుకోవాలన్నది ఆశను బట్టి కాక శ్రమను బట్టి తేలాలి. అయిదు చాలు. వాటిలో ఒకటి తప్పనిసరిగా ఆ ఊళ్లో ఇప్పటికే ఎక్కువమంది వేస్తున్న రకం కావాలి. దాన్నే పోలిక రకం అంటారు. పోలిక రకం లేని పరీక్షలో నాలుగు కొత్త రకాల్లో ఏది మేలో తెలుస్తుంది కానీ, పాతదాన్ని వదిలి కొత్తది వేయడం లాభమా అన్న అసలు ప్రశ్నకు జవాబు దొరకదు. పోలిక రకానికి కూడా కొత్త విత్తనమే వాడాలి. నిరుటి మిగులు విత్తనంతో పోలిక రకాన్ని వేసి, తాజా విత్తనంతో కొత్త రకాలను వేస్తే పోటీ మొదలు కాకముందే ఫలితం ఒకవైపు ఒరిగిపోతుంది. అన్ని రకాల మొలకశాతమూ ముందే తడిగుడ్డలో చూసుకోవాలి. ఒక రకం విత్తనానికి మందు పట్టించి మరొకదానికి పట్టించకపోతే తొలి నలభై రోజుల్లో రసం పీల్చే పురుగుల తాకిడిలో కనిపించే తేడా మందుదే అవుతుంది.

అయిదు రకాలు, నాలుగు పట్టీలు అంటే ఇరవై మడులు. సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు ఉంచి, ఒక్కో మడికి ఆరు మీటర్ల పొడవున ఆరు సాళ్లు వేస్తే మడిలో 60 మొక్కలుంటాయి. ఇరవై మడులూ దారులతో కలిపి ఎనిమిది గుంటల్లో, అంటే ఇరవై సెంట్లలో ఇమిడిపోతాయి. ఎకరం రైతుకైనా ఇది భారం కాదు.

పట్టీలను వాలుకు అడ్డంగా గీయాలి. చేను పడమటినుంచి తూర్పుకు వాలితే మెరక మీద ఒక పట్టీ, దానికి దిగువన రెండోది, అలా పల్లం దాకా నాలుగు. అప్పుడు ఒక్కో పట్టీలోని అయిదు మడులకూ దాదాపు ఒకే తేమ, ఒకే లోతు మట్టి దొరుకుతాయి. పట్టీలను వాలు వెంట నిలువుగా గీస్తే ఒక్కో పట్టీలోనే మెరకా పల్లమూ కలిసిపోయి, పట్టీలు చేసిన ఫలమే పోతుంది. చాలా పరీక్షలు చెడేది ఇక్కడే. ఇక ఒక్కో పట్టీకి అయిదు పేర్లు రాసిన చీటీలు గ్లాసులో వేసి, ఒక్కొక్కటే తీసి, వచ్చిన వరసలో మడులకు కేటాయించాలి. మరో పట్టీకి చీటీలు మళ్లీ తీయాలి. అన్ని పట్టీల్లోనూ ఒకే వరస ఉంచితే ఎప్పుడూ ఒకే రకం పొడవాటి హైబ్రిడ్ పక్కన పడి దాని నీడలో నలుగుతుంది. చూడడానికి ఇంపుగా ఉండాలని మంచి రకాన్ని బాట పక్క మడిలో వేయడం ఊళ్లలో సాధారణం. బాట పక్క మడికి ఎండా గాలీ ఎక్కువ, నడిచేవారి మెప్పు కూడా ఎక్కువ. చీటీ ఆ మొహమాటాన్ని తీసివేస్తుంది.

మడుల మొదట్లో పేర్లు రాయకుండా అంకెలు రాసిన కర్రలు నాటడం మంచిది. ఏ అంకె ఏ రకమో నోటుపుస్తకంలో మాత్రమే ఉండాలి. పురుగుల లెక్క రాసేవారికీ పత్తి తీసేవారికీ పేరు తెలియకపోతే, తెలిసో తెలియకో జరిగే పక్షపాతానికి చోటుండదు.

ఎడం విషయంలో ఒక చిక్కుంది. గుబురుగా కొమ్మలు వేసే హైబ్రిడ్‌కు 90×60 సరిపోతుంది. ఎకరాకు సుమారు 7,500 మొక్కలు పడతాయి. నిటారుగా, పొట్టి కొమ్మలతో పెరిగే రకాలను 90×15లో ఎకరాకు దాదాపు 30,000 మొక్కలుగా ఒత్తుగా వేసినప్పుడే వాటి బలం తెలుస్తుంది. వీటిని హైబ్రిడ్‌తో పాటు 90×60లో వేసి ఓడాయనడం న్యాయం కాదు. అలాగని ఒక్కో మడిలో ఒక్కో ఎడం పాటిస్తే తేడా రకానిదో ఎడానిదో చెప్పలేం. అందుకని పరీక్ష మొదలుపెట్టేటప్పుడే ఉద్దేశం రాసిపెట్టుకోవాలి. ఒకే ఎడంలో రకాల పోటీయా, లేక ఒక్కో రకానికి సరిపడ్డ సాగుపద్ధతితో సహా మొత్తం ప్యాకేజీల పోటీయా? రెండూ చేయదగినవే. కలపకూడదు, అంతే.

విత్తినప్పటినుంచి తీతదాకా

విత్తడం ఒకే రోజున పూర్తి కావాలి. వాన ముంచుకొస్తే కనీసం ఒక పట్టీ మొత్తం ఒక రోజున ముగించి మిగిలిన పట్టీలు మర్నాడు వేయాలి. అప్పుడు రోజు తేడా పట్టీ తేడాలో కలిసిపోతుంది, రకాలకు అంటదు. గుంటక తోలడం, కలుపు తీయించడం, పైపాటు ఎరువు, పిచికారీ, అన్నిటికీ ఇదే నియమం. పని మధ్యలో ఆపాల్సి వస్తే పట్టీ చివర ఆపాలి, పట్టీ మధ్యలో ఆపకూడదు. మొలిచిన పది రోజుల్లోగా ఖాళీలు నింపాలి. ఆ తర్వాత నాటిన మొక్క పక్క మొక్కలను అందుకోలేదు.

చేను ఎదుగుతున్నంతకాలం రాసుకోవలసినవి ఎక్కువ లేవు. సగం మొక్కలు పూత పట్టిన రోజు, తొలి కాయ పగిలిన రోజు, మొక్కకు నిలిచిన కాయలు, పురుగుల తాకిడి. ఇందులో పురుగుల లెక్కను తేలికగా తీసుకోకూడదు. పచ్చదోమ తట్టుకునే గుణం ఆకు మీది నూగులో ఉంటుంది. నూగు ఎక్కువున్న ఆకు మీద పచ్చదోమ తక్కువగా నిలుస్తుంది. తెల్లదోమకు అదే నూగు అనుకూలం. కాబట్టి ఒక పురుగును చూసి రకానికి మార్కులు వేయకూడదు. మడికి అయిదు మొక్కలు గుర్తుపెట్టి, ఒక్కో మొక్కలో పై, మధ్య, కింది భాగాల నుంచి మూడు ఆకులను తిప్పి చూసి, పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులను వేరువేరుగా లెక్కపెట్టాలి. ఆకు అంచులు ముడుచుకుని పసుపెక్కాయా, ఎర్రబారాయా అన్నది కూడా రాసుకోవాలి.

గులాబీ రంగు పురుగు బీజీ-2 రకపు బీటీ పత్తినీ తట్టుకుని బతుకుతున్నప్పటి నుంచి రకం కాలపరిమితికి విలువ పెరిగింది. పురుగు ఉధృతి పంట చివర్లో పెరుగుతుంది. డిసెంబరుకల్లా కాపు చేతికిచ్చే రకం దాని నోట పడకుండా తప్పించుకుంటుంది. ఈ గుణం మొత్తం దిగుబడి అంకెలో కనిపించదు. తీతల వారీ లెక్కలో కనిపిస్తుంది. అందుకే మొదటి తీత, రెండో తీత, మూడో తీత తూకాలను వేర్వేరుగా రాయాలి. పది క్వింటాళ్లలో ఏడు మొదటి రెండు తీతల్లోనే ఇచ్చిన రకానికీ, సగం పంటను జనవరి దాకా చెట్టు మీదే ఉంచిన రకానికీ మొత్తం ఒకటే కావచ్చు. కూలీ ఖర్చు, పురుగు నష్టం, రెండో పంటకు చేను ఖాళీ అయ్యే రోజు మాత్రం ఒకటి కావు. పచ్చి కాయలు మడికి ఇరవై కోసి, చీల్చి, గింజ లోపలి పురుగును చూడడం నవంబరు నుంచి పదిహేను రోజులకొకసారి జరగాలి.

తీతలో మడి మొత్తాన్ని తూచకూడదు. రెండు అంచు సాళ్లనూ, మిగిలిన నాలుగు సాళ్లలో రెండు కొసల మొక్కలనూ విడిగా తీయించి, ఆ పత్తిని లెక్కలోంచి తప్పించాలి. అంచు మొక్కకు దారి వైపు వెలుగు ఎక్కువ, లేదా పక్క రకం పోటీ ఎక్కువ. నడుమ మిగిలిన 32 మొక్కలు ఆక్రమించే నేల 17.28 చదరపు మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి మడి తూకాన్ని 234తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. 4 కిలోల 300 గ్రాములు వచ్చిన మడి ఎకరాకు పది క్వింటాళ్ల పైచిలుకు ఇచ్చినట్టు. ఇదే గుణకం ఇంకో సంగతీ చెబుతుంది. మడి తూకంలో 100 గ్రాముల పొరపాటు ఎకరాకు 23 కిలోల పొరపాటుగా పెరుగుతుంది. కిరాణా కొట్టు వేలాడే తక్కెడ ఇక్కడ పనికిరాదు. అయిదు గ్రాముల తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా కావాలి. మంచు ఆరాక, ఉదయం తొమ్మిది పది తర్వాతే తీత మొదలుపెట్టాలి. తడి పత్తిని తూచితే నీళ్లకు కూడా దిగుబడి కట్టినట్టవుతుంది.

మధ్యలో చచ్చిపోయిన మొక్కల సంగతి తరచూ వాదానికి వస్తుంది. 32లో 28 నిలిస్తే తూకాన్ని 32కు పెంచి రాయాలనిపిస్తుంది. అలా రాయకూడదు. పక్క మొక్క ఖాళీలోకి కొమ్మలు చాచి కొంత నష్టం పూడ్చే ఉంటుంది. పెంచి రాస్తే ఆ మడికి లేని దిగుబడి జమవుతుంది. నిలిచిన మొక్కల సంఖ్యను తూకం పక్కన రాసి వదలాలి. ఒకే రకం నాలుగు పట్టీల్లోనూ ఎండిపోతుంటే అది ఆ రకం గుణమే, లెక్కలో ఉండవలసిందే.

దూది నాణ్యత

పత్తి పోగు ఒకే ఒక్క కణం. గింజ పైపొర లోంచి మొలిచి, పువ్వు విచ్చినప్పటి నుంచి దాదాపు మూడు వారాలు పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత మరో మూడు నాలుగు వారాలు లోపలి గోడ పొరలు పొరలుగా దళసరి అవుతుంది. ఈ రెండు దశలూ తెలిస్తే నాణ్యత పరీక్షలో సగం తెలిసినట్టే. మొదటి దశలో బెట్ట తగిలితే పింజ పొట్టిదవుతుంది. రెండో దశలో నీరో పొటాషో తక్కువైతే, చలి ముదిరితే, ఆకులు రాలిపోతే గోడ పలచగా మిగిలి పోగు పచ్చిదిగా ఉంటుంది. అంటే ఒకే మొక్కలో అక్టోబరులో పగిలిన అడుగు కాయకూ జనవరిలో పగిలిన చిటారు కాయకూ దూది ఒకటి కాదు. ఒక రకానికి మొదటి తీత నుంచీ, మరో రకానికి మూడో తీత నుంచీ నమూనా పంపి వచ్చిన నివేదికలను పక్కపక్కన పెట్టడం పొరపాటు. అన్ని రకాల నమూనా ఒకే తీతలో, మొక్క నడిమి భాగం నుంచి, బాగా విచ్చిన కాయల నుంచే తీయాలి.

పోగు గింజ పైపొరదే కావడం వల్ల అది తల్లి మొక్క భాగం. పక్క మడి పుప్పొడి తేనెటీగల వెంట వచ్చి పడినా ఆ ఏటి దూది గుణం రకానిదే ఉంటుంది. కాబట్టి నాణ్యత పరీక్ష కోసం మడులను దూరదూరంగా వేయనక్కర్లేదు. గింజ సంగతి వేరు. పరీక్ష మడుల్లోని, హైబ్రిడ్ కాని సూటి రకాల విత్తనాన్ని దాచి మరుసటి ఏడు విత్తుకోకూడదు. లోపల పరాయి పుప్పొడి చేరి ఉంటుంది.

నమూనాకు మడికి 50 కాయల పత్తి చాలు. కూలీలకు చెబితే పెద్ద కాయలే ఏరి ఇస్తారు, అది సహజం. అందుకని నడిమి సాళ్లలో ప్రతి మొక్క నుంచీ ఒకటో రెండో కాయలు, ముందు కంటబడినవి కాక ముందే నిర్ణయించుకున్న కణుపు దగ్గరివి తీసే ఏర్పాటు ఉండాలి. 50 కాయల తూకం 225 గ్రాములైతే కాయ బరువు నాలుగున్నర గ్రాములు. ఆ పత్తిని చిన్న రోలర్ జిన్ను మీద ఆడిస్తే దూది 79 గ్రాములు వచ్చిందనుకుంటే దూది శాతం 35. అన్ని నమూనాలనూ ఒకే యంత్రం మీద, ఒకే రోజున ఆడించాలి. రంపపు పళ్ల జిన్ను పోగులను తెంపుతుంది. ఒక రకాన్ని దానిమీద, మరొకదాన్ని రోలర్ మీద ఆడిస్తే పింజ పొడవులో లేని తేడా పుట్టుకొస్తుంది.

దూది శాతాన్ని ఒంటరిగా నమ్మకూడదు. వంద గింజల బరువు 9.5 గ్రాములు, దూది శాతం 35 ఉన్న రకంలో వంద గింజల మీది దూది 5.1 గ్రాములు. మరో రకంలో వంద గింజలు 7 గ్రాములే, వాటిమీది దూది 3.9 గ్రాములే అనుకుందాం. దాని దూది శాతం 35.8. శాతం చూస్తే రెండోది మేలు, గింజ గింజకూ చూస్తే అది ఎంతో తక్కువ దూది మోస్తోంది. గింజ చిన్నదైనందువల్ల పెరిగిన శాతమది. చిన్న గింజ మొలకలో నీరసంగా ఉంటుంది. అందుకే దూది శాతం పక్కన వంద గింజల బరువు, వంద గింజల దూది బరువు కూడా పట్టికలో ఉండాలి.

ఇక ప్రయోగశాల. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ 1924లో మొదలైంది. దేశంలో పత్తి నాణ్యత పరీక్షలకు పెద్ద దిక్కు అదే. నమూనాను హెచ్‌వీఐ అనే యంత్రం మీద పెడితే పింజ పొడవు, ఏకరూపత, మైక్రోనేర్, బలం, రంగు కొద్ది నిమిషాల్లో వస్తాయి. పరీక్షకు ముందు నమూనాను 65 శాతం తేమ ఉన్న గదిలో కొన్ని గంటలు ఉంచుతారు. పొడిబారిన దూది తక్కువ బలం చూపిస్తుంది. నివేదికలో బలం ఏ పద్ధతిలో కొలిచారో తప్పక చూడాలి. ఐసీసీ పద్ధతిలో వచ్చిన అంకె కన్నా హెచ్‌వీఐ పద్ధతి అంకె బాగా ఎక్కువగా ఉంటుంది. పాత నివేదికలో 22, కొత్త నివేదికలో 28 కనబడితే రకం బలపడిందని సంబరపడకూడదు, కొలబద్ద మారి ఉండవచ్చు.

పింజ పొడవులో 27.5 నుంచి 32 మిల్లీమీటర్ల వరకు పొడవు పింజ, 32.5 పైన అతిపొడవు పింజ. ఏకరూపత 83 పైన ఉంటే మంచిది, 80కి దిగితే వడికేటప్పుడు వ్యర్థం పెరుగుతుంది. అన్నిటిలోకీ అర్థం చేసుకోవలసిన అంకె మైక్రోనేర్. నిర్ణీత బరువు దూదిని గొట్టంలో కూరి దానిగుండా గాలి పంపి, ఎంత అడ్డుకుందో చూసి చెప్పే అంకె అది. పోగులు సన్నగా ఉంటే గాలికి అడ్డు ఎక్కువ, అంకె తక్కువ. చిక్కంతా అక్కడే ఉంది. పోగు పుట్టుకతోనే సన్ననిదైనా అంకె తగ్గుతుంది, ముదరక గోడ పలచగా ఉండిపోయినా తగ్గుతుంది. సన్నని ముదురు పోగు మేలిరకం నూలుకు పనికొస్తుంది. పచ్చి పోగు ఉండలు కట్టి, రంగు పట్టక బట్ట మీద తెల్లని చుక్కలుగా మిగిలిపోతుంది. 1974లో కోయంబత్తూరు నుంచి సుజాత, సెయింట్ విన్సెంట్ రకాల సంకరంగా వచ్చిన సువిన్‌లో మైక్రోనేర్ తక్కువ, అయినా అది దేశంలోకెల్లా మేలైన పత్తుల్లో ఒకటి. కాబట్టి మైక్రోనేర్ తగ్గిందని చూడగానే ముదురుదనం అంకెను కూడా అడగాలి.

నాణ్యత అనేది వాడేవారిని బట్టి కూడా మారుతుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరు వడికేవారు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి సన్ననూలు తీసే పత్తిని హెచ్‌వీఐ తరగతులతో తూచలేం. మిల్లుకు వెళ్లే పత్తికి మాత్రం ఆ అంకెలే భాష.

తేడా నిజమైనదేనా

పరీక్ష ముగిసి నోటుపుస్తకం నిండాక అందరూ సగటు కడతారు. సగటుతో ఆగిపోవడమే పెద్ద పొరపాటు. కొత్త రకానికీ పోలిక రకానికీ నాలుగు పట్టీల్లో వచ్చిన తేడాలు ఎకరాకు 1.2, 0.8, 1.0, 1.4 క్వింటాళ్లు అనుకుందాం. సగటు తేడా 1.1. మరో ఊరి పరీక్షలో అవే రకాల తేడాలు 4.0, మైనస్ 1.5, 3.1, మైనస్ 1.2 అనుకుందాం. సగటు మళ్లీ 1.1 క్వింటాళ్లే. మొదటి ఊళ్లో కొత్త రకం ప్రతి పట్టీలోనూ, మెరకలోనూ పల్లంలోనూ, క్వింటాలుకు అటూ ఇటూగా నెగ్గింది. రెండో ఊళ్లో రెండు చోట్ల గెలిచి రెండు చోట్ల ఓడింది. అక్కడ నేల తేడా రకం తేడాను మింగేసింది. ఆ 1.1ను నమ్మి విత్తనం కొంటే అది రకానికి కాదు, ఆ చేలోని రెండు మంచి మడులకు డబ్బు పెట్టినట్టు.

ఈ నమ్మకాన్ని అంకెగా మార్చేదే క్రిటికల్ డిఫరెన్స్, పరిశోధన నివేదికల్లో సి.డి. అని రాసేది. మడుల మధ్య మిగిలిన హెచ్చుతగ్గుల నుంచి లెక్కించే ఈ అంకె కన్నా రెండు రకాల సగటుల తేడా ఎక్కువుంటేనే, అయిదు శాతం స్థాయిలో, ఆ తేడా రకానిదని ఒప్పుకుంటారు. అయిదు శాతం అంటే, రకాల మధ్య నిజంగా తేడా లేకపోయినా నేలవల్లే అంత అంతరం కనబడే అవకాశం వందలో అయిదు దాటదని. కంప్యూటరులో స్ప్రెడ్‌షీట్ తెలిసినవారు ఎవరైనా దీన్ని పావుగంటలో కట్టగలరు. దుకాణం కరపత్రంలో దిగుబడి అంకె ఉండి సి.డి. లేకపోతే ఆ అంకె సగమే చెప్పినట్టు. పక్కనే కనిపించే సి.వి. శాతం పరీక్ష ఎంత శుభ్రంగా జరిగిందో చెబుతుంది. వర్షాధార పత్తిలో అది 20 దాటితే చేను ఎంపికలోనో తీతలోనో లోపముందని అనుమానించాలి.

దిగుబడినీ నాణ్యతనూ కలిపి చూసే లెక్క మరొకటి. ఎకరాకు 10 క్వింటాళ్లు, దూది శాతం 33 ఉన్న రకం 330 కిలోల దూదినిస్తుంది. 9.4 క్వింటాళ్లు, 37 శాతం ఉన్న రకం 348 కిలోలు. దూది లెక్కన రెండోది నెగ్గింది. కానీ రైతు అమ్మేది గింజ పత్తి. ఏనుమాముల మార్కెట్లోనో ఆదోని మార్కెట్లోనో లాట్ ధర దూది శాతాన్ని లెక్కించి కట్టకపోతే ఆ 18 కిలోల లాభం జిన్నింగ్ మిల్లుకే చేరుతుంది, రైతుకు 60 కిలోల నష్టం మిగులుతుంది. కష్టపడి పండించిన నాణ్యతకు ధర దక్కకపోవడం పత్తి రైతుకు జరుగుతున్న నిజమైన అన్యాయం. రైతు సంఘం సొంతంగా జిన్నింగ్ చేయించి దూదీ గింజా విడిగా అమ్మగలిగితే రెండో రకం, లేకపోతే మొదటిది. ఒకే పరీక్ష ఫలితం అమ్మకపు దారిని బట్టి రెండు తీర్పులిస్తుంది.

పింజ పొడవుకు మాత్రం మద్దతు ధరలో కొంత విలువ ఉంది. 2025-26 సీజనుకు మధ్యస్థ పింజకు క్వింటాలుకు రూ. 7,710, పొడవు పింజకు రూ. 8,110 ప్రకటించారు. ఈ ధరల లెక్కలో మధ్యస్థమంటే 24.5 నుంచి 25.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 4.3 నుంచి 5.1. పొడవు పింజకు 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 3.5 నుంచి 4.3. ఈ ధరల్లో పొడవు పింజ పది క్వింటాళ్ల రాబడిని మధ్యస్థ పింజతో అందుకోవాలంటే పదిన్నర క్వింటాళ్లు పండాలి. అంటే తరగతి తేడా విలువ ఎకరాకు అర క్వింటాలు. కొత్త రకం దిగుబడిలో అంతకన్నా తక్కువ ఆధిక్యం చూపి, పింజలో కింది తరగతికి జారితే దానికి మారడం నష్టం. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే కొనుగోలే ఉండదు. ఆ కోత ముందు రకాల మధ్య తేడా చిన్నబోతుందని కూడా లెక్క వేసేవారు గుర్తుంచుకోవాలి.

ఒక్క ఏడాది పరీక్షతో తీర్పు చెప్పకూడదు. ఆగస్టులో నెల రోజులు బెట్ట పడిన ఏడు లోతు వేరు రకం నెగ్గుతుంది, అక్టోబరులో తుపాను వాన కురిసిన ఏడు అదే రకం కాయ కుళ్లుతో ఓడుతుంది. కనీసం మూడు ఖరీఫ్‌లు చూడాలి. మూడింటిలో రెండుసార్లు మొదటి స్థానం, ఒకసారి అట్టడుగు వచ్చిన రకం కన్నా మూడేళ్లూ రెండో స్థానంలో నిలిచిన రకం వర్షాధార రైతుకు మేలు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన ఇంటికి సగటు దిగుబడి కన్నా చెడ్డ ఏటి దిగుబడి ముఖ్యం. నీటి వసతి ఉన్న చేనుకు ఈ తూకం కొంత మారుతుంది.

మొదటి రెండేళ్లు ఇరవై మడుల్లో నిలిచిన రెండు రకాలను మూడో ఏట పోలిక రకంతో పాటు ఎనిమిది పదిమంది రైతుల పొలాల్లో ఒక్కోటి పావు ఎకరం చొప్పున వేయించాలి. అప్పుడు ఒక్కో రైతు చేను ఒక్కో పట్టీ. తీత, కాటా, నమూనా నియమాలు అవే. ఏ చేలో ఏ రకం ఏ వైపు పడాలో మళ్లీ చీటీలే చెప్పాలి. ఫిబ్రవరికి ప్రయోగశాల నివేదికలు అందితే, రకాల వారీగా ఎకరా దిగుబడి, సి.డి., మొదటి రెండు తీతల వాటా, దూది శాతం, పింజ పొడవు, మైక్రోనేర్, పురుగు లెక్క ఒకే కాగితం మీద ఎక్కించి, మే నెలలో విత్తన దుకాణాలు తెరిచేలోగా ఊరి రచ్చబండ దగ్గర అందరికీ చదివి వినిపించాలి. ఒక్కో రకం నమూనా దూదిని పావుకిలో చొప్పున పేరు, సంవత్సరం రాసిన గుడ్డసంచిలో పొడి చోట దాచి ఉంచితే, వచ్చే ఏడు నివేదికలో అనుమానం వచ్చినప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే రోజు ఒకే యంత్రం మీద మళ్లీ పరీక్షింపజేయవచ్చు.